మామిడి కుల్ఫీ మన ఇంట్లోనే!

ఎండలు ముదిరాయి. బడులకి సెలవులిచ్చేశారు. మధ్యాహ్నం మూడయ్యేసరికి వీధిలో ఐసుబండి గంట మోగడం, పిల్లలు డబ్బులకోసం మన కొంగు పట్టుకోవడం అందరిళ్లలోనూ ఉన్నదే కదండీ!

మా చిన్నవాడికి ఎనిమిదేళ్లప్పుడు వేసవిలో కామెర్లు వచ్చాయి. "బయట ఐసులు తిన్నాడా?" అని డాక్టరుగారు అడిగితే, "అబ్బే, లేదండీ" అని గట్టిగా చెప్పాను. వాడు తల దించుకున్నాడు. నేను తిడతానని చెప్పకుండా రోజూ కొనుక్కున్నాడట! జబ్బు దానివల్లే వచ్చిందో, ఏ నీళ్లవల్ల వచ్చిందో రూఢిగా చెప్పలేం. కానీ నీళ్లు మంచివి కాకపోతే, గడ్డకట్టినంత మాత్రాన వాటిలోని క్రిములు చావవట. మంచం పట్టిన పిల్లాణ్ణి చూస్తుంటే నాకు ఒకటే అనిపించింది. వద్దన్నకొద్దీ వాడు నా దగ్గర దాస్తాడు. అదేదో నేనే చేసిపెడితే సరి!

తీరా మొదటిసారి మరిగే పాలల్లో మామిడిగుజ్జు పోస్తే విరిగిపోయాయి. గ్లాసు పట్టుకుని నిలబడ్డ వాడి మొహం చూడలేకపోయాను. వేడి పాలకి పులుపు తగిలితే విరుగుతాయని మనకి తెలియనిదా? తొందర! మీరు మాత్రం ఆ పొరపాటు చేయకండి.

కావలసినవి: చిక్కటి పాలు 1 లీటరు, పంచదార 5 పెద్ద చెంచాలు, బాగా పండిన తీపి మామిడిపళ్లు 2, మొక్కజొన్న పిండి 1 చిన్న చెంచా, ఏలకులు 3, జీడిపప్పు కొద్దిగా.

చేసే విధానం: అడుగు మందంగా ఉన్న గిన్నెలో పాలు సన్నని సెగమీద మరిగించాలి. అడుగంటకుండా కలుపుతూ, అంచుకి కట్టిన మీగడని పాలలోకే తోసేయండి. పాలు సగంకంటే తగ్గాక, చల్లటి పాలలో కలిపిన మొక్కజొన్న పిండి పోసి రెండు నిమిషాలు ఉడికించాలి. పంచదార, ఏలకుల పొడి వేసి దింపేయండి. పాలలో నీరు మిగిలిపోతే కుల్ఫీలో ఐసు పలుకులు తగులుతాయి. అందుకే ఇక్కడ ఓపిక కావాలి.

బంగినపల్లి అయితే పీచుండదు. రసాలైతే గుజ్జుని జల్లెడలో వడకట్టండి. పాలు పూర్తిగా చల్లారాకే గుజ్జు, జీడిపప్పు పలుకులు కలపాలి. చిన్న స్టీలు గ్లాసుల్లో పోసి, మూతపెట్టి ఫ్రీజర్లో ఉంచండి. రెండు గంటలయ్యాక పుల్లలు గుచ్చి, రాత్రంతా వదిలేయండి. తినబోయేముందు గ్లాసుని అర నిమిషం మామూలు నీళ్లలో ఉంచితే కుల్ఫీ ఊడివస్తుంది.

సపోటాతో చేస్తే పంచదార తగ్గించండి. సీతాఫలం గుజ్జుని మాత్రం ఉడికించకండి, చేదెక్కుతుంది. అనాసపండైతే ముక్కల్ని పంచదారతో బాగా ఉడికించి, చల్లార్చి కలపాలి. పచ్చిది కలిపితే పాలు చేదవుతాయి.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తీయకండి. కరిగి వెచ్చబడిన కుల్ఫీని మళ్లీ గడ్డకట్టించి పిల్లలకి పెట్టకండి.

ఆ మర్నాటి వేసవినుంచీ మా ఇంట్లో పుల్లలు గుచ్చే పని మావాడిదే అయింది. ఐసుబండి గంట వినిపించగానే వంటింట్లోకి వచ్చి, "అమ్మా, గ్లాసులు తీయనా?" అని నా మొహంలోకి చూసి అడిగేవాడు. నాకు అంతకంటే ఏం కావాలి చెప్పండి!