బ్రౌజర్ ఇచ్చిన ఎలిమెంట్లనే వాడదాం, పైన మన తొడుగు వేద్దాం



వెబ్ నేర్చుకోవడం మొదలుపెట్టగానే మనలో చాలామందిమి బటన్‌కో లైబ్రరీ, పాపప్‌కో లైబ్రరీ దించుకుంటున్నాం. మేం చెప్పేది ఒకటే. బ్రౌజర్‌లో ముందే ఉన్న ఎలిమెంట్లను వాడి, వాటి మీద టైప్‌స్క్రిప్ట్‌తో పలుచని తొడుగు వేసుకుంటే చాలు.

బటన్ ట్యాగ్ రాస్తే కీబోర్డుతో నొక్కడం, చూపు లేనివాళ్లకు స్క్రీన్ రీడర్ చదివి చెప్పడం వాటంతట అవే వస్తాయి. డివ్‌ను బటన్‌లాగా తయారుచేస్తే అవన్నీ మనమే రాసుకోవాలి. పాపప్‌కి డైలాగ్ ట్యాగ్ ఉంది. 2022 నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింట్లోనూ పనిచేస్తోంది. దీనికోసం అదనంగా డౌన్‌లోడ్ అయ్యేది ఏమీ లేదు. సిగ్నల్ కోసం గుట్టెక్కే ఊళ్లకు ఇది చిన్న విషయం కాదు.

మరి తొడుగెందుకు? ఇన్‌పుట్ డబ్బాలో నంబర్ టైప్ పెట్టినా, దాని వాల్యూ స్ట్రింగ్‌గానే వస్తుంది. ఒక డబ్బాలో 5, ఇంకోదాంట్లో 3 రాసి కలిపితే 8 రాదు, 53 వస్తుంది. అందుకే డబ్బాను చదివే ఫంక్షన్ ఒకటే రాసి, అది నంబర్ ఇస్తుంది, ఖాళీగా ఉంటే నల్ ఇస్తుంది అని టైప్ రాయాలి. స్ట్రిక్ట్ ఆన్ చేసి ఉంటే, నల్ సంగతి మనం మర్చిపోయినా ఎడిటర్ ఎర్రగీత పెట్టి ఆపుతుంది. కంపైల్ అయ్యాక టైపులన్నీ పోతాయి కాబట్టి పేజీకి వాటి బరువు ఉండదు.

అయితే టైప్‌కి కూడా తెలియనివి ఉన్నాయి. ఇంద్రవెల్లి అనే పేరు మనకు నాలుగు అక్షరాలు, జావాస్క్రిప్ట్ లెంగ్త్‌కి 11. ఊరి పేరు 10 దాటొద్దని లెంగ్త్‌తో చెక్ పెట్టిన ఫారం ఇంద్రవెల్లినే ఒప్పుకోదు. 2018లో యూనికోడ్‌లో చేరిన గుంజాల గోండి లిపిలో ఒక్కో గుర్తుకే 2 లెక్క పడుతుంది, అంటే 5 గుర్తులకే హద్దు వచ్చేస్తుంది. రెండుచోట్లా స్ట్రింగ్ అనే టైప్ కరెక్టే కాబట్టి ఎర్రగీత రాదు.

ఆ లెక్క సరిచేయాల్సింది తొడుగులోనే. అక్షరాలుగా విడదీసే ఇంటల్ సెగ్మెంటర్ కూడా బ్రౌజర్‌లోనే ఉంది. ఊరి పేరు, ఇంటి పేరు డబ్బాలకు ఒక్కసారి ఆ తొడుగు రాసుకుంటే ప్రతి ఫారంలో వాడుకోవచ్చు.

మన పేర్లు ఎంత పొడుగో వేరేవాళ్లకు తెలియకపోవచ్చు. మనకు తెలుసు. కాబట్టి ఆ కోడ్ మన చేతుల్లోంచే రావాలి.

జై ఆదివాసీ.