మరపు నేరము కాదు

పరీక్షలు సమీపించగానే విద్యార్థుల నోట తరచుగా వినవచ్చే మాట ఒకటి ఉన్నది: "చదివినదంతా మరచిపోతున్నాను, నాకు జ్ఞాపకశక్తి లేదు." తల్లిదండ్రులు ఆ మాటను నమ్ముతారు. ఉపాధ్యాయులలో కొందరు దానిని ధ్రువపరుస్తారు. ఇంటిలో మొదటిసారిగా కళాశాల గడప తొక్కిన విద్యార్థి అయితే, చదువు తన నొసట వ్రాసి లేదనుకొని, పుస్తకములు కట్టిపెట్టి ఏ దుకాణములోనో పనికి కుదురుకుంటాడు. బాలిక అయితే చదువు మాన్పించుటకు ఇంటివారికి ఒక సాకు దొరుకుతుంది. కనుక మరపు కేవలము మనస్తత్వ శాస్త్రజ్ఞులు చర్చించుకొనే విషయము కాదు. కొందరు బిడ్డల భవిష్యత్తు దానితో ముడిపడి ఉన్నది. మరపు నిజముగా బుద్ధిలోపమేనా? ఎంతమాత్రమూ కాదని నా అభిప్రాయము.

అరబీ భాషలో మానవుని 'ఇన్సాన్' అంటారు. ఈ పదము మరపు అను అర్థము గల 'నిస్యాన్' నుండి పుట్టినదని నిఘంటుకారులలో కొందరు, చెలిమి అను అర్థము గల 'ఉన్స్' నుండి పుట్టినదని మరికొందరు చెప్పినారు. వ్యుత్పత్తి ఏదైనను, మరచుట మానవ స్వభావమని పెద్దలు ఏనాడో గుర్తించినారు.

మరపును కొలతకు తెచ్చిన మొదటి శాస్త్రజ్ఞుడు జర్మనీ దేశస్థుడైన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్. ఆయన అర్థము లేని అక్షర సముదాయములను కూర్చుకొని, వాటిని తానే కంఠస్థము చేసి, కొంతకాలము గడచిన పిదప తిరిగి నేర్చుకొనుటకు ఎంత శ్రమ తగ్గినదో లెక్కించినాడు. 1885లో ప్రకటించిన ఆ లెక్కల ప్రకారము, 20 నిమిషముల తరువాత నూటికి 58 వంతుల శ్రమ ఆదా అయినది. గంట గడచిన పిదప అది 44 వంతులకు, ఒక దినము గడచిన పిదప 34 వంతులకు, నెల గడచిన పిదప 21 వంతులకు దిగినది. ఇందులో గమనింపదగినవి రెండు. మరపు మొదటి గంటలోనే వేగముగా సాగి, పిమ్మట మందగిస్తుంది. ఇక రెండవది, ఇట్లు మరచినవాడు మందమతి కాదు, మహా పండితుడు. అర్థము లేనిదానిని నేర్చి విడిచిపెట్టినప్పుడు ఎవరి మనస్సైనను ఇట్లే ప్రవర్తిస్తుంది.

జ్ఞాపకము ఒక పెట్టెలో దాచిన వస్తువు వంటిదని మనము సాధారణముగా భావిస్తాము. శాస్త్రము చెప్పేది వేరు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అను యువకునికి మూర్ఛరోగము నిమిత్తము శస్త్రచికిత్స చేసి, మెదడులో ఇరుప్రక్కల ఉన్న హిప్పోకాంపస్ భాగములను చాలవరకు తొలగించినారు. ఆనాటి నుండి 2008లో మరణించువరకు ఆయనకు కొత్త అనుభవమేదియు గుర్తు నిలువలేదు. బాల్యము మాత్రము జ్ఞాపకమున్నది. విచిత్రమేమనగా, అద్దములో చూచుచు నక్షత్రపు బొమ్మను దిద్దే పనిని ఆయనకు ఇచ్చినప్పుడు, చేతికి నేర్పు రోజురోజుకు పెరిగినది, కాని ఆ పని తాను ఇంతకుముందు చేసిన సంగతే ఆయనకు తెలియదు. బ్రెండా మిల్నర్ అను శాస్త్రజ్ఞురాలు చేసిన ఈ పరిశీలనల వలన, జ్ఞాపకము ఒక్కటే శక్తి కాదనియు, కొత్త సంగతులు స్థిరపడుటకు వేరొక ప్రక్రియ, పాత సంగతులు నిలుచుటకు వేరొకటి, చేతి నేర్పునకు మరియొకటి ఉన్నవనియు తేటపడినది. కనుక ఒక వ్యక్తికి జ్ఞాపకశక్తి లేదని మొత్తముగా తీర్పు చెప్పుట తగదు.

మరి మనము ఎందుకు మరచిపోతాము? కొన్ని విషయములు మనస్సులోనికి ప్రవేశించనే లేదు. కన్ను పుటపై, ధ్యాస సెల్‌ఫోనుపై ఉన్నప్పుడు చదివినది మరచితిమనుట సరికాదు, అది అసలు నేర్చుకొననే లేదు. కొన్ని విషయములు తమను పోలిన ఇతర విషయములతో కలిసిపోతాయి. ఒకే రాత్రి పది మంది రాజుల కాలములు వల్లించినవానికి ఒకరి సంవత్సరము మరొకరికి అంటుకొనుట సహజమే. మరికొన్ని లోపల ఉండియు, పైకి తెచ్చే ఆధారము దొరకక చిక్కుకొని ఉంటాయి. నిద్ర చాలకపోవుట మరియొక కారణము. నేర్చిన వెంటనే నిద్రించినవారు మేలుకొని ఉన్నవారికన్న తక్కువ మరచినారని 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అను శాస్త్రజ్ఞులు చూపినారు. పరీక్షకు ముందు రాత్రంతా జాగారము చేయువారు ఈ సంగతి తెలుసుకొనవలెను.

అసలు మరపే లేకుంటే? రష్యాలో షెరెషెవ్‌స్కీ అను వ్యక్తిని మనస్తత్వవేత్త లూరియా ఏండ్ల తరబడి పరిశీలించినాడు. ఆయన పదుల కొలది పదములను ఒకసారి విని, పదునైదేండ్ల పిదప కూడ ఒప్పజెప్పగలిగినాడు. అయినను ఆయన సుఖపడలేదు. చదివే ప్రతి మాటకు వందల చిత్రములు మనస్సులో లేచి అర్థమును కప్పివేసేవి. మనుష్యుల ముఖములు క్షణక్షణము మారుచున్నవని గుర్తుపట్టలేక బాధపడేవాడు. మరచుటకై కాగితముపై వ్రాసి కాల్చి చూచినాడు కూడ. పనికిరానిది జారిపోతేనే పనికివచ్చేది కనబడుతుంది. అవమానము, దుఃఖము కాలక్రమమున పలుచబడకపోతే మానవుడు బ్రతుకగలడా?

అయితే మరపును సమర్థించుట సోమరితనమును సమర్థించుట కాదు. ధారణకు మన దేశములో గొప్ప సంప్రదాయములు ఉన్నవి. హిఫ్జ్ చేయు బాలుని చూడండి. అతడు దివ్య ఖురాన్‌లోని 30 భాగములను కంఠస్థము చేస్తాడు. కాని ప్రతిదినము కొత్త పాఠమగు 'సబఖ్'తో పాటు, పాత పాఠమగు 'ఆమూఖ్తా'ను ఉస్తాదుకు వినిపించకుండ అతనికి విడుదల లేదు. హాఫిజ్ అయిన పిదప కూడ రంజాన్ మాసములో తరావీహ్ నమాజులో దానిని చదువుతాడు. ఎక్కడైనను తడబడితే వెనుక నిలిచిన మరొక హాఫిజ్ మాట అందిస్తాడు. దానిని 'లుక్మా' అంటారు, అనగా ముద్ద. ఆ ఒక్క ముద్ద అందగానే ఆగిన పఠనము సాగిపోతుంది. మరచినట్లు తోచినది చెరిగిపోలేదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను? అవధాని మార్గము వేరు. అష్టావధానములో ఎనిమిదిమంది పృచ్ఛకులు చిత్తమును చెదరగొట్టుచుండగా, పద్యములను పాదపాదముగా పూరించి, చివరకు అన్నిటిని వరుసగా అప్పజెప్పుతాడు. అతనికి ఛందస్సు, అర్థము, అన్వయము ఊతకఱ్ఱలు.

అర్థము తెలియకయే కంఠస్థము చేసినవారు లేరా అని కొందరు అడుగవచ్చును. ఉన్నారు. కాని వారు పునశ్చరణను జీవితాంతము విడువరు. మన విద్యార్థి వారి నుండి వల్లెవేయుటను మాత్రము గ్రహించి, పునశ్చరణను వదలినాడు. అవధాని నుండి వేగమును కోరి, అర్థమును వదలినాడు. మన బట్టీ చదువు ఏ సంప్రదాయమునకును వారసురాలు కాదు.

ఈ సంగతిని నేటి పరిశోధన కూడ బలపరుస్తున్నది. 2006లో రోడిగర్, కార్పికి అను అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు విద్యార్థులచేత ఒక పాఠమును రెండుసార్లు చదివించినారు. మరికొందరిచేత ఒకసారి చదివించి, పిదప పుస్తకము మూసి గుర్తున్నది వ్రాయించినారు. అయిదు నిమిషముల పిదప పరీక్షించగా రెండుసార్లు చదివినవారిదే పైచేయి. వారము గడచిన పిదప వారికి నూటికి 42 వంతులు, పుస్తకము మూసి వ్రాసినవారికి 56 వంతులు గుర్తున్నవి. జ్ఞాపకమును పైకి తీయుటయే దానిని గట్టిపరచుట. ఉస్తాదు ఎదుట కూర్చుండి పాత పాఠము అప్పజెప్పే బాలుడు ప్రతిదినము చేయుచున్నది ఇదే కదా!

కనుక దోషము విద్యార్థి మెదడులో కంటె మన బోధనా పద్ధతిలోనే ఎక్కువగా ఉన్నది. సంవత్సరమంతా చెప్పి చివర ఒక్కసారి అడుగుట మరపును కోరి పిలుచుట వంటిది. ప్రతి తరగతి మొదట అయిదు నిమిషములు, పుస్తకములు మూయించి, నిన్నటి పాఠమును, గతవారపు పాఠమును అడుగవలెను. దానికి మార్కులు వేయరాదు, తప్పు చెప్పినవానిని నలుగురిలో చిన్నబుచ్చరాదు. తడబడినవానికి ఒక మాట అందించవలెను. పాఠ్యప్రణాళిక పూర్తికాదని మన అధ్యాపకులు అభ్యంతరము చెప్పవచ్చును. విద్యార్థి మనస్సులో నిలువని పాఠము రిజిస్టరులో పూర్తయినను ప్రయోజనమేమి?

విద్యార్థులకు నా విన్నపము ఒక్కటే. మరచితిమని మిమ్ము మీరు నిందించుకొనకండి. మరచినచోటనే మరల మొదలుపెట్టండి. నేడు చదివినదానిని రేపు, వారము తరువాత, నెల తరువాత పుస్తకము చూడక చెప్పుకొని చూడండి. ప్రతిసారి కొంత జారుతుంది, ప్రతిసారి మునుపటికన్న ఎక్కువ నిలుస్తుంది. మరపు మానవునికి పుట్టుకతో వచ్చినది. మరల నేర్చుకొనే ఓపిక మాత్రము అతడు సంపాదించుకొనవలసినది.