ఆటకే జీతం అడిగిన హబీబ్

2014 ఏప్రిల్‌లో నార్వేలో మార్టిన్ ఓడెగార్డ్ అనే పదిహేనేళ్ల కుర్రాడు స్ట్రోమ్స్‌గోడ్సెట్ క్లబ్ తరఫున మొదటి లీగ్ మ్యాచ్ ఆడాడు. ఆగస్టుకల్లా జాతీయ జట్టులోకి వచ్చాడు. మరుసటి జనవరిలో రియల్ మాడ్రిడ్ అతన్ని ఎగరేసుకుపోయింది. 2015 మేలో క్రిస్టియానో రొనాల్డో బయటికి వస్తుంటే అతని స్థానంలో బరిలోకి దిగాడు. మనవాళ్లు ఇంతవరకు ముచ్చటగా చెప్పుకుంటారు. అసలు చెప్పుకోవలసింది ఆ తర్వాతి ఆరేళ్ల సంగతి.

ఆ ఆరేళ్లూ ఓడెగార్డ్‌కి మాడ్రిడ్‌లో చోటు దొరకలేదు. అద్దె ఆటగాడిగా హీరెన్‌వీన్‌కి, విటెస్‌కి, రియల్ సొసియెడాడ్‌కి తిరిగాడు. చిన్నప్పుడు చేసిన హడావుడి అంతా గాలిబుడగేనని రాసినవాళ్లు ఉన్నారు. 2021లో ఆర్సెనల్‌కి వెళ్లాడు, 2022లో కెప్టెన్ అయ్యాడు. అతని సారథ్యంలో నార్వే 1998 తర్వాత మళ్లీ 2026 ప్రపంచ కప్‌కి అర్హత సంపాదించింది. పదహారేళ్లకి మెరిసినవాడు ఇరవై రెండేళ్ల దాకా నిలదొక్కుకోకపోయినా ఎవరూ అతన్ని ఇంటికి పంపలేదు. నెలనెలా జీతం పడింది, కోచ్ ఉన్నాడు, ఏటా ఆడడానికి ఏదో ఒక జట్టు ఉంది. మిడ్‌ఫీల్డర్ పని అసలే నిదానంగా పండే పని. గోల్ కొట్టేవాడి లెక్క స్కోరుబోర్డు చెబుతుంది. మధ్యలో ఉండి ఆటని నడిపేవాడు ఎవరికి, ఎప్పుడు, ఎటు బంతి ఇవ్వాలో తెలుసుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్ల ఖర్చు ఎవరో ఒకరు భరించాలి.

మన దగ్గర ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారు? మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో బల్లార్‌పూర్, ఘుగ్గుస్, మాజ్రీ గని కాలనీల్లో కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి బొగ్గు పనికి వచ్చి మూడు తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్నాయి. ఆ ఇళ్లలో పదిహేడేళ్ల కుర్రాడు బంతి బాగా ఆడితే తండ్రి సంతోషిస్తాడు. ఒక సెలక్షన్‌లో పేరు రాకపోతే మాత్రం ఐటీఐ ఫారం తెచ్చిపెడతాడు. ఆ తండ్రిని తప్పుపట్టడానికి లేదు. ఆటని నమ్ముకుంటే అన్నం పెడుతుందని అతనికి ఎవరూ చూపించలేదు.

చూపించినవాడు ఒకడున్నాడు, అదీ హైదరాబాద్ నుంచే. మహమ్మద్ హబీబ్, 1949లో పుట్టిన మిడ్‌ఫీల్డర్. ఆయన కంటే ముందు తరం హైదరాబాద్ ఫుట్‌బాల్ గొప్పతనం అందరికీ తెలిసిందే. బడిపంతులుగా మొదలైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్ కూడా ఎత్తుకొచ్చింది.  రహీమ్ శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం గెలిచింది. అయితే ఆ మహానుభావుల బతుకుతెరువు పోలీసు ఉద్యోగం. డ్రెస్సు వేసుకుని జీతం తీసుకున్నారు, బూట్లు వేసుకుని దేశానికి పేరు తెచ్చారు. ఆటగాడికి సర్కారు కొలువే బహుమతి అన్న పద్ధతి అక్కడ స్థిరపడింది.

హబీబ్ ఆ పద్ధతికి తలవంచలేదు. 1966లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. తర్వాత మోహన్ బగాన్, మళ్లీ ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్, తిరిగి మోహన్ బగాన్. కలకత్తాలో ఈ మూడు జట్ల అభిమానులకీ ఒకరంటే ఒకరికి పడదు. అయినా మూడు చోట్లా ఆయన్ని బడే మియా అనే పిలిచారు. తోటి ఆటగాళ్లు బ్యాంకుల్లోనో రైల్వేల్లోనో ఉద్యోగం చూసుకుంటుంటే ఆయన వచ్చిన ఉద్యోగాలు కాదన్నారు. పూర్తిగా ఆడతాను, ఆటకి తగ్గ డబ్బు క్లబ్ ఇవ్వాలి అన్నారు. దేశంలో తొలి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని ఆయనకి పేరొచ్చింది అందుకే.

ఒళ్లు దాచుకోకపోవడం ఆయన ఆటలో మొదటి గుణం. ఎదుటివాడి కాళ్ల దగ్గర్నుంచి బంతి లాక్కోవడం, అక్కడే నిలబడకుండా ముందుకి పరుగెత్తడం, అవసరమైతే గోల్ కూడా తనే కొట్టడం. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మరో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్‌గా ఉన్న భారత జట్టు జపాన్‌ని 1-0తో ఓడించి కాంస్యం గెలిచింది. హబీబ్ ఆ జట్టులో ఉన్నారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి ఆ తర్వాత పతకం లేదు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలె ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ ఆడింది. వానకి మైదానం తడిసి చిత్తడిగా ఉంది. అవతల పెలెతో పాటు 1970లో బ్రెజిల్‌కి ప్రపంచ కప్ అందించిన కెప్టెన్ కార్లోస్ ఆల్బెర్టో. ఆ రోజు మ్యాచ్ 2-2తో ముగిసింది, బగాన్ గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. పెలె ఆయన ఆటని మెచ్చుకున్నారు. ఉద్యోగం వద్దన్న మనిషి ఆటని మాత్రమే నమ్ముకుని ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడి ఎదుట సమానంగా నిలబడిన సాయంత్రం అది. 1980లో అర్జున అవార్డు ఇచ్చారు. 2023 ఆగస్టు 15న, 74 ఏళ్ల వయసులో హైదరాబాద్‌లో కన్నుమూశారు.

ఒక్క హబీబ్ తెగించి సాధించుకున్నదాన్ని ఆ తర్వాత వ్యవస్థగా మార్చలేకపోయాం. బాధంతా అక్కడే. 2019లో పుణె సిటీ క్లబ్ మూతపడి దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచింది. ఆ తర్వాత ఆటగాళ్లకి జీతాలు బకాయి పడ్డాయి, ఒక్కొక్కరే వెళ్లిపోయారు, కొత్తవాళ్లని తీసుకోకుండా నిషేధం పడింది. 2025లో యాజమాన్యం క్లబ్బుని ఢిల్లీకి తరలించి పేరు కూడా మార్చేసింది. పుణెలో పోయింది హైదరాబాద్‌కి వచ్చింది, హైదరాబాద్‌లో పోయింది ఢిల్లీకి చేరింది. అదే ఏడాది లీగ్ హక్కుల ఒప్పందం తెగక ఐఎస్‌ఎల్ ఆగిపోతే కొన్ని క్లబ్బులు ఆటగాళ్ల జీతాలు నిలిపేశాయి. దేశంలోనే పెద్ద లీగ్ గతి ఇదైతే ఘుగ్గుస్‌లో కొడుకు చేతికి ఐటీఐ ఫారం ఇస్తున్న తండ్రికి ఏం జవాబు చెబుతాం?

ప్రతిభ లేదనే మాట మాత్రం నమ్మవద్దు. నిజామాబాద్ జిల్లా లంబాడా కుటుంబంలో పుట్టిన గుగులోత్ సౌమ్య క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌కి ఆడింది, ఈస్ట్ బెంగాల్‌తో జాతీయ మహిళల లీగ్ గెలిచింది, 2025లో దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు అందుకుంది. చంద్రపూర్ సంగతే చూడండి. ఈ జిల్లా ఆశ్రమ పాఠశాలల్లో చదువుకున్న ఐదుగురు ఆదివాసీ పిల్లలు 2018 మేలో ఎవరెస్టు ఎక్కారు. మంచు ముఖం ఎరగని పిల్లలకి నెలల తరబడి శిక్షణ, తిండి, సామగ్రి ప్రభుత్వం చూసుకుంది కాబట్టి ఎక్కారు.

నార్వే జనాభా 55 లక్షల చిల్లర. ఏడాదిలో సగం రోజులు మంచు, చీకటి. డ్రామెన్‌లో ఓడెగార్డ్ చిన్నప్పుడు ఆడిన మైదానం కంకరమట్టిది. అతని తండ్రి, తోటి పిల్లల తల్లిదండ్రులు డబ్బు పోగుచేసి దానిమీద కృత్రిమ పచ్చిక వేయించారు. ఆ తండ్రీ ఒకప్పుడు మిడ్‌ఫీల్డరే. అక్కడ చిన్నపిల్లల ఆటల్లో పాయింట్ల పట్టికలు పెట్టరు. ముందు అందరూ ఆడాలి, లెక్కలు తర్వాత. వాళ్లకి మంచు ఎంత అడ్డమో చంద్రపూర్‌కి ఎండ అంత అడ్డం. మేలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే, మధ్యాహ్నం బంతి ముట్టుకునే పని లేదు. అంటే తెల్లవారుజామునో, పొద్దు గూకాకో ఆడాలి, దానికి దీపాలు కావాలి. 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉన్న ఊళ్లో కాలనీకో మైదానానికి దీపాలు పెట్టడం పెద్ద పనేమీ కాదు.

డబ్బు ఎక్కడిదనే ప్రశ్నకి చట్టంలోనే జవాబుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఆ పనుల జాబితాలో గ్రామీణ క్రీడలకి, జాతీయ గుర్తింపున్న క్రీడలకి శిక్షణ అని స్పష్టంగా రాసి ఉంది. వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఉంది, సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, బల్లార్‌పూర్ కాగితం మిల్లు ఉంది. భవనాల కొరత కూడా పెద్దగా లేదు. బల్లార్‌పూర్ పక్కన విసాపూర్ క్రీడా సముదాయంలో 2023 డిసెంబరులో జాతీయ స్కూల్ అథ్లెటిక్స్ పోటీలే జరిగాయి. రిబ్బను కత్తిరించడానికి ఇంకో స్టేడియం అక్కర్లేదు. కావలసింది ఏడాది పొడుగునా జీతం తీసుకునే కోచ్. అంతకంటే ముఖ్యంగా, పదిహేడు నుంచి ఇరవై ఒకటి దాకా నాలుగేళ్లు నిలబడడానికి ఆటగాడికి నెలకింతని రాతపూర్వకంగా భృతి. ఐటీఐ ఫారం ఎటూ పోదు, ఆ నాలుగేళ్లూ దానితో పాటే నడవచ్చు. ఒక సెలక్షన్ పోయినా, మోకాలు దెబ్బతిన్నా ఆ భృతి ఆగకూడదు.

విదర్భలో బడులు జూన్ చివర్లో తెరుస్తారు. ఆలోపు గని యాజమాన్యం, జిల్లా క్రీడాధికారి, కాలనీ పెద్దలు ఒకచోట కూర్చుంటే మొదటి ఇరవై మంది పేర్లు రాయడానికి ఒక్క ఆదివారం సరిపోతుంది. కరారు కాగితం మీద పిల్లవాడి సంతకం పక్కన తండ్రి సంతకమూ తీసుకోవాలి. డబ్బు ఆగితే ఎవరిని అడగాలో, ఎన్ని రోజుల్లో చెల్లించాలో అందులోనే రాసి పెట్టాలి.