సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించకండి

బాత్రూంలో నీళ్లు పోవడం లేదంటే ప్లంబర్‌ని పిలుస్తారు, ఫిజీషియన్‌కి ఇందులో పనేమిటని మీరు అడగొచ్చు. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే మాకు సెప్టిక్ ట్యాంకు రెండు దారుల్లో ఎదురవుతుంది. వానలు పడ్డాక ఓపీలో కామెర్లు, టైఫాయిడ్, నీళ్ల విరేచనాలుగా ఒకటి. ఏడాదిలో ఎప్పుడైనా సరే, క్యాజువాల్టీ ముందు ఆటోలోంచి దించే శవంగా రెండోది. మొదటిదానికి మందులున్నాయి. రెండోదానికి మేం చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. ఆ శవాలు ఫ్యాక్టరీల నుంచి వచ్చేవి కావు. ఎక్కువగా మనలాంటి వాళ్ల ఇళ్ల నుంచి, అపార్ట్‌మెంట్ల నుంచే వస్తాయి.

జరిగేది ఎప్పుడూ ఒకటే. లెట్రిన్‌లో నీళ్లు పైకి ఎగదన్నుతాయి. సాయంత్రానికి చుట్టాలు రావాలి. ఎవరో చెబితే ఎవరో వస్తారు. మూత తీసి కర్రతో కెలుకుతారు. లాభం ఉండదు. అప్పుడు ఇంటాయన అంటాడు: ‘కాస్త దిగి చూడు బాబూ, ఇంకో అయిదొందలు ఇస్తాంలే’ అని. ఆ ఒక్క మాట అనకుండా ఉండడానికే ఇదంతా చెబుతున్నాను.

అసలు ఆగింది ఎక్కడో ముందు మీరే చూసుకోండి. ఒక్క బాత్రూంలోనే నీళ్లు నిలుస్తున్నాయా, అన్నింట్లోనా? ఒక్కచోటే అయితే గొడవ ట్యాంకుది కాదు. జాలీ కింద వెంట్రుకలు, సబ్బు జిడ్డు పేరుకుని ఉంటాయి, లేదా ఆ పైపులో శానిటరీ ప్యాడో, పిల్లల డైపరో ఇరుక్కుని ఉంటుంది. తడి టిష్యూలు కూడా నీళ్లలో కరగవు, ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా సరే. అన్నిచోట్లా ఆగి, కింది అంతస్తులో ముందుగా పైకి తన్నుతుంటే అప్పుడు ట్యాంకును, దానికి వెళ్లే పైపును అనుమానించాలి. పైన ఫ్లష్ చేసినప్పుడల్లా కింద బుడబుడ శబ్దం వస్తుంటే వెంట్ పైపు మూసుకుపోయిందేమో చూడండి. పక్షి గూడు పెట్టి ఉండొచ్చు, పైన గది వేసేటప్పుడు మేస్త్రీ పైపును కోసేసి ఉండొచ్చు. నీళ్లు బాగానే పోతున్నా కంపు కొడుతుంటే, వాడని బాత్రూం ట్రాప్‌లో నీళ్లు ఆవిరైపోయి ఉంటాయి. వారానికోసారి ఒక చెంబుడు నీళ్లు పోస్తే సరి. దీనికే వేలు ఖర్చుపెట్టిన వాళ్లున్నారు.

ఇక ట్యాంకు. మూత తీసి చూసి ‘నిండిపోయింది సార్’ అంటారు. సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది. ఉండాలి కూడా. ఎంత నీరు లోపలికి వెళితే అంత అటువైపు నుంచి ఇంకుడు గుంతకు పోతుంది. అడుగున మడ్డి, పైన తెట్టు, మధ్యలో నీరు, ఇదీ దాని కాపురం. ఏళ్ల తరబడి వదిలేస్తే మడ్డి, తెట్టు పెరిగి మధ్యలో నీటికి చోటుండదు. అప్పుడు మడ్డి నీటితో పాటు కొట్టుకెళ్లి ఇంకుడు గుంతను పూడ్చేస్తుంది. వానాకాలంలో భూగర్భ నీరు పైకొచ్చి గుంతలో నీళ్లు ఇంకకపోయినా ఇదే తంతు. అలాంటప్పుడు ట్యాంకు ఖాళీ చేయించినా నాలుగు రోజులకే మళ్లీ మొదటికొస్తుంది. లోపం గుంతలో ఉంటే మనిషిని ట్యాంకులోకి దించి ఏం లాభం?

రెండు మూడేళ్లకోసారి సక్షన్ వ్యానుతో తీయించాలన్నది మామూలు లెక్క. మనలో చాలామంది పదేళ్లు, పదిహేనేళ్లు తీయించరు. కొందరికి మూత ఎక్కడుందో కూడా తెలియదు, పోర్టికోలో టైల్స్ వేసేసి ఉంటారు. అన్నేళ్లకు అడుగున మడ్డి గట్టిపడిపోతుంది. వ్యాను గొట్టం దాన్ని లాగలేదు. అప్పుడే పార పట్టుకుని మనిషి దిగాల్సి వస్తుంది. కాబట్టి మనిషి ఆ గోతిలోకి దిగే పరిస్థితి ఆ రోజు పుట్టింది కాదు. పదేళ్లు మూత తీయకపోవడంలోనే మొదలైంది. అలా గట్టిపడినా దారి ఉంది. పైనుంచి నీటిని జెట్‌తో కొట్టి మెత్తబరిచి లాగాలి. అవసరమైతే ఆ పని రెండు విడతల్లో చేయించండి. రెండో ట్రిప్పుకు డబ్బులిచ్చుకోండి. అడుగున కొంచెం మడ్డి మిగిలినా బాధపడొద్దు. పాలకు తోడు పెట్టినట్టు, తర్వాత వచ్చే మురుగును కుళ్లబెట్టే బ్యాక్టీరియా అందులోనే ఉంటుంది. ట్యాంకును కడిగి తళతళలాడించాలని పట్టుబట్టకండి.

యాసిడ్ పోయడం ఇంకో అలవాటు. అది ఆ బ్యాక్టీరియాను చంపుతుంది. మురుగులోని సల్ఫైడ్‌తో కలిసి విషవాయువును పుట్టిస్తుంది. పొద్దున యాసిడ్ పోసి, సాయంత్రం బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్లోరిన్ వాయువు వస్తుంది. చిన్న బాత్రూంలో తలుపు వేసుకుని ఈ పని చేసి, ఆయాసంతో మా దగ్గరికి వచ్చే గృహిణులు కొత్తేమీ కాదు.

ట్యాంకులో ఉండే వాయువుల గురించి కొంచెం ఓపికగా చదవండి. హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కుళ్లిన కోడిగుడ్డు వాసన. గాలిలో చాలా తక్కువ మోతాదులో ఉన్నా ముక్కు పసిగడుతుంది. కానీ 100 పీపీఎం దాటితే వాసన పట్టే నాడి మొద్దుబారిపోతుంది. ‘కంపు తగ్గింది, ఇక దిగొచ్చు’ అనుకునే క్షణమే అన్నింటికంటే ప్రమాదకరం. 500 దాటితే నిమిషాల్లో స్పృహ పోతుంది. 1000 దగ్గర ఒకటి రెండు ఊపిర్లతోనే కూలిపోతారు. సైనైడ్ లాగే ఇది కూడా కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా అడ్డుకుంటుంది. గాలి కంటే బరువైనది కాబట్టి అడుగునే ఉంటుంది. అందుకే సగం రోజు మూత తీసి ఉంచామన్నది భరోసా కాదు. మడ్డిలో బుడగల్లా దాక్కున్న వాయువు, కాలు పెట్టి కదిపినప్పుడు ఒక్కసారిగా బయటికొస్తుంది. దీపం దించి చూడటం మరీ మొండితనం. దీపానికి ఈ విషం సంగతి తెలియదు, పైగా మీథేన్ ఉంటే భగ్గుమంటుంది. ఎన్95 మాస్కు పెట్టుకున్నాడు కదా అని కొందరంటారు. కోవిడ్ నేర్పిన ధీమా అది. ఆ మాస్కు తుంపరలను, ధూళిని ఆపుతుంది, వాయువును ఆపదు.

ఒకరు పడిపోతే రెండోవాడు దూకుతాడు. తమ్ముడో, కొడుకో, ఒక్కోసారి ఇంటాయనే. పేపర్లో ‘ఒకే ట్యాంకులో ముగ్గురి మృతి’ అని చదివేది దీన్నే. ఎవరైనా పడిపోతే లోపలికి దిగకండి. నడుముకు తాడు ఉంటే పైనుంచే లాగండి. లేకపోతే ఫైర్ వాళ్లకు 101, అంబులెన్సుకు 108. బయటికి తీశాక గాలి ఆడేచోట పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి. నోటితో ఊపిరి ఊదొద్దు, ఆ విషం మీకూ ఎక్కొచ్చు.

2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషితో సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించడం నేరం. అది కార్పొరేషన్లకే అనుకోకండి, ఇంటి యజమానికీ వర్తిస్తుంది. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మృతుల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. అయినా 2019 నుంచి 2023 వరకు అయిదేళ్లలో 377 మంది ఇలా చనిపోయారని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ఆ దిగేవాళ్లు ఏ కులాల వాళ్లో మనందరికీ తెలుసు. తెలిసే ‘వాళ్లకి అలవాటే’ అంటాం. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు అలవాటు పడే ఊపిరితిత్తులు ఏ కులంలోనూ లేవు. ఒక డాక్టరుగా ఇది మాత్రం ఖాయంగా చెప్పగలను.

కామెర్ల సంగతికి వస్తాను. ఇంకుడు గుంతకు, తాగునీటి బావికి మధ్య కనీసం 18 మీటర్లు, అంటే 60 అడుగుల దూరం ఉండాలన్నది ప్రమాణం. మనం కట్టుకునేది 200 గజాల్లో. 40 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవున్న స్థలంలో ఓ మూల నుంచి ఎదురు మూలకు కొలిస్తే సరిగ్గా 60 అడుగులు. పైగా పక్కింటి గుంత మన గోడ అవతలే ఉంటుంది. కాబట్టి బోరు నీటిని నమ్మకండి. ఏడాదికోసారి, వానలు మొదలయ్యాక బ్యాక్టీరియా పరీక్ష చేయించండి. తాగడానికి ఆర్వో నీళ్లు వాడుతూ, పళ్లు తోముకోవడానికి, పచ్చడికి కొత్తిమీర కడగడానికి బోరు నీళ్లు వాడితే రోగం ఆ దారిన వస్తుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఇంకా జాగ్రత్త. హెపటైటిస్ ఇ మామూలు వాళ్లలో తనంతట తాను తగ్గిపోతుంది, కానీ చివరి మూడు నెలల్లో సోకితే నూటికి 20 నుంచి 25 మంది వరకు తల్లులు చనిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ట్యాంకు నీటిని నేరుగా వీధి కాలువలోకి వదిలేసే ఇళ్లూ బోలెడు. అది తిరిగి ఎవరి బిందెలోకి వెళుతుందో వేరే చెప్పాలా?

వెంట్ పైపు చివర నైలాన్ వల కట్టండి. బోదకాలును మోసే క్యూలెక్స్ దోమలకు సెప్టిక్ ట్యాంకు పుట్టిల్లు. వల ఖరీదు పదో ఇరవయ్యో.

వ్యానును పిలిచేటప్పుడు లాగిన మురుగును ఎక్కడ పారబోస్తారని అడగండి. వరంగల్ కార్పొరేషన్ 2016లోనే దీనికి నిబంధనలు పెట్టింది. చాలా పట్టణాల్లో ఇప్పుడు శుద్ధి కేంద్రాలున్నాయి. మనిషిని దించుతామంటే వద్దని చెప్పి 14420కి ఫోన్ చేయండి. చివరిసారి ట్యాంకు తీయించిన తేదీ, మూత ఎక్కడుందో గోడ నుంచి ఎన్ని అడుగులో, వ్యాను వాళ్ల నంబరు, ఈ మూడూ కరెంటు మీటరు బాక్సు తలుపు లోపలి వైపు రాసి పెట్టుకోండి. అద్దెకున్నవాళ్లయితే ఇల్లు చేరిన రోజే ఓనరును అడిగి రాసుకోండి.