బ్యాంకును బతికించాలి, ముంచినవారిని విడువరాదు

సంగారెడ్డి: నగలు కుదువబెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకున్న రైతు గడువులోగా కట్టలేకపోతే ఏమవుతుందో జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ముందు కబురు వస్తుంది. తరువాత నోటీసు వస్తుంది. ఆ పిమ్మట రైతు పేరు, తండ్రి పేరు, ఊరి పేరు, నగల తూకంతో సహా వేలం ప్రకటన పడుతుంది. ఊరంతా చదువుతుంది. జామీను పడ్డ పాపానికి పొరుగింటివాడు కూడా బ్యాంకు మెట్లెక్కవలసి వస్తుంది. సహకార సంఘాల బాకీల కింద ఇంటి తలుపులు ఊడదీసుకుపోయిన రోజులను పెద్దలు ఇప్పటికీ మరువలేదు.

అప్పు తీసుకున్నవాడు కట్టవలసిందే. అందులో వాదన లేదు. అయితే అదే బ్యాంకును పైన కూర్చుని నడిపి, అనర్హులకు కోట్లు ధారపోసి, లెక్కలు తారుమారు చేసి ముంచినవారి సంగతేమిటన్నదే ప్రశ్న. వారి పేర్లు ఏ శాఖ నోటీసు బోర్డు మీదా కనిపించవు. బ్యాంకు మునిగితే ప్రభుత్వం పరుగెత్తుకొస్తుంది. ప్రజల సొమ్ముతో గండి పూడుస్తుంది. గండి కొట్టినవారి విచారణ మాత్రం ఏళ్ల తరబడి సాగుతుంది.

గ్లోబల్ ట్రస్ట్ నేర్పిన పాఠం

ఇందుకు దూరపు ఉదాహరణ అక్కరలేదు. సికింద్రాబాద్ కేంద్రంగా 1994లో గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మొదలైంది. కొత్త తరం ప్రైవేటు బ్యాంకులలో అది పేరుమోసింది. వైశ్యా బ్యాంకు అధిపతిగా పనిచేసిన రమేశ్ గెల్లి దాని వ్యవస్థాపకుడు. అద్దాల గదులు, చల్లని గాలి, చకచకా పని చూసి జంటనగరాల వర్తకులు, ఉద్యోగులు, పరిశ్రమల యజమానులు ఖాతాలు తెరిచారు.

2001లో కేతన్ పరేఖ్ షేర్ల కుంభకోణం బయటపడినప్పుడు, స్టాక్ మార్కెట్ వ్యాపారులకు ఈ బ్యాంకు ఇచ్చిన అప్పులు చర్చకు వచ్చాయి. యూటీఐ బ్యాంకుతో తలపెట్టిన విలీనం ఆగిపోయింది. గెల్లి పదవి నుంచి తప్పుకున్నారు. అప్పటికే మొండి బాకీలు పేరుకుపోయాయి. బ్యాంకు చూపిన లెక్కకు, రిజర్వు బ్యాంకు తనిఖీలో తేలిన లెక్కకు పొంతన లేకపోయింది. ఇంత తెలిసీ మూడేళ్లు గడిచాయి.

చివరకు 2004 జులై 24న మారటోరియం విధించారు. ఖాతాదారు పదివేల రూపాయలకు మించి తీసుకోరాదన్నారు. పెళ్లికి దాచుకున్నవాడు, ఆస్పత్రిలో మనిషి ఉన్నవాడు ఆ పదివేల కోసం వరుసలో నిలబడవలసి వచ్చింది. రెండు రోజులకే విలీనం ప్రకటించారు. ఆగస్టు 14 నుంచి ప్రభుత్వరంగ సంస్థ అయిన ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో దానిని కలిపివేశారు. డిపాజిటర్ల సొమ్ము దక్కింది. అది మంచిపనే. వాటాలు కొన్నవారికి మాత్రం పైసా రాలేదు. మొండి బాకీల బరువు ప్రభుత్వరంగ బ్యాంకు నెత్తిన పడింది, అంటే అంతిమంగా ప్రజల నెత్తిన పడిందన్నమాట. ఆ ఓరియంటల్ బ్యాంకు కూడా 2020 ఏప్రిల్ 1న పంజాబ్ నేషనల్ బ్యాంకులో కలిసిపోయింది.

ఇక బాధ్యుల మాట. సీబీఐ కేసులు పెట్టింది. అవినీతి నిరోధక చట్టం కింద విచారించాలంటే ప్రైవేటు బ్యాంకు అధిపతి ‘ప్రజాసేవకుడు’ అవుతాడా, కాడా అన్న చిక్కు వచ్చింది. కింది కోర్టు కాదన్నది. హైకోర్టు కూడా కాదన్నది. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అవుననీ, ప్రైవేటు బ్యాంకు ఛైర్మన్లు, డైరెక్టర్లు కూడా ఆ చట్టం కిందికి వస్తారనీ తీర్పు చెప్పింది. నేరం రుజువైందని ఆ తీర్పు చెప్పలేదు. విచారణ జరపవచ్చని మాత్రమే చెప్పింది. బ్యాంకు మూతపడిన పన్నెండేళ్లకు తేలింది ఈ ఒక్క మాట! దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయన్న సామెత ఇక్కడ చిన్నబోతుంది.

అయినా ఆ తీర్పు చిన్నది కాదు. జనం సొమ్ము చేతిలో ఉన్నవాడు సర్కారు జీతగాడైనా, ప్రైవేటు జీతగాడైనా జనానికి జవాబుదారీయేనని అది తేల్చిచెప్పింది.

సహకారం పేరిట

అదే కాలంలో హైదరాబాద్‌లో సహకార పట్టణ బ్యాంకులు వరుసగా కూలాయి. 2001లో కృషి బ్యాంకు తలుపులు మూసింది. ఛైర్మన్ పరారయ్యాడు. ఆ తరువాత చార్మినార్ బ్యాంకు, ప్రుడెన్షియల్ బ్యాంకు, వాసవి బ్యాంకు డిపాజిటర్లు రోడ్డెక్కారు. వీరిలో ఎక్కువమంది రిటైరైన ఉద్యోగులు, చిన్న వర్తకులు, వడ్డీ నాలుగు రాళ్లు ఎక్కువ వస్తుందని ఆశపడ్డ మధ్యతరగతివారు. అప్పట్లో డిపాజిట్ బీమా లక్ష రూపాయల వరకే. అంతకు మించి దాచుకున్నవారు కోర్టుల చుట్టూ, కార్యాలయాల చుట్టూ తిరిగారు.

డిపాజిటర్లకు రక్షణగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లోనే ఒక చట్టం వచ్చింది. ఎగవేసిన ఆర్థిక సంస్థల ఆస్తులను, నడిపినవారి ఆస్తులను జప్తు చేసి డిపాజిటర్లకు పంచే అధికారం అది ఇచ్చింది. చట్టం మంచిదే. అయితే జప్తు చేసిన భూమి వేలం దాకా రావడానికే ఏళ్లు పడుతోంది. అగ్రిగోల్డ్ వ్యవహారమే ఇందుకు సాక్ష్యం. అది బ్యాంకు కాకపోయినా లక్షలాది కుటుంబాల పొదుపు అందులో చిక్కుకుంది. 2019లో, 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న డిపాజిటర్లకు ఖజానా నుంచి చెల్లించవలసి వచ్చింది. పేదవాడికి ఊరట దక్కడం సంతోషమే. అయితే ఖజానా చెల్లించినంత మాత్రాన ముంచినవాడి బాకీ తీరినట్టు కాదు.

ఎవరి సొమ్ము, ఎవరి సోకు

రైతు రుణమాఫీ అనగానే పట్నాల్లో పెద్దమనుషులు ముఖం చిట్లిస్తారు. ఖజానా ఖాళీ అవుతోందంటారు. కట్టే అలవాటు పోతోందంటారు. మరి ఈ లెక్కలు కూడా చూడవలసి ఉంది. 2016-17 నుంచి 2020-21 వరకు ఐదేళ్లలో ప్రభుత్వరంగ బ్యాంకులను నిలబెట్టడానికి కేంద్రం సమకూర్చిన మూలధనం 3.10 లక్షల కోట్ల రూపాయలకు పైగా ఉంది. 2021-22తో ముగిసిన ఐదేళ్లలో బ్యాంకులు తమ పద్దుల నుంచి తొలగించిన మొండి బాకీలు 10 లక్షల కోట్లు దాటాయి. తొలగించడమంటే మాఫీ కాదనీ, వసూలు ప్రయత్నం సాగుతుందనీ బ్యాంకులు అంటాయి. కానీ ఆ ఐదేళ్లలో అలా తొలగించిన ఖాతాల నుంచి వసూలైంది 1.32 లక్షల కోట్లే.

2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు మరో ఉత్తర్వు ఇచ్చింది. బుద్ధిపూర్వక ఎగవేతదారులతో, మోసానికి పాల్పడ్డ ఖాతాదారులతో కూడా బ్యాంకులు రాజీ కుదుర్చుకోవచ్చునన్నది. బ్యాంకు ఉద్యోగుల సంఘాలే దీనిని వ్యతిరేకించాయి. మొండి బాకీదారుల సమాచారం ఇవ్వబోమన్న రిజర్వు బ్యాంకును 2015 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు మందలించి, సమాచార హక్కు చట్టం కింద వివరాలు ఇవ్వాలన్నది. ఐదు తులాల బంగారం కుదువబెట్టినవాడి పేరు పత్రికలో వేయడానికి లేని సంకోచం, కోట్లు మింగినవాడి పేరు చెప్పడానికి ఎందుకో ఏలినవారే చెప్పాలి.

విలీనాలలో ఇంకొక విచిత్రం ఉంది. సంగారెడ్డి కేంద్రంగా ఒకప్పుడు మంజీర గ్రామీణ బ్యాంకు ఉండేది. 2006లో అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయింది. 2025 జనవరి 1 నుంచి ఈ ప్రాంతపు శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి. ఈ విలీనాలలో తప్పు లేదు. కానీ బోర్డు మీద పేరు ఎన్నిసార్లు మారినా రైతు ఖాతాలో బాకీ మాత్రం ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు భద్రంగా వెంట వచ్చింది. మునిగిన బ్యాంకు మరో బ్యాంకులో కలిసినప్పుడు ముంచినవారి బాధ్యత కూడా ఇలాగే వెంట రావద్దా?

ఐస్‌లాండ్ ఏమి చేసింది

2008లో ప్రపంచమంతటా బ్యాంకులు తలకిందులయ్యాయి. అమెరికా ప్రభుత్వం 70,000 కోట్ల డాలర్ల సహాయానికి చట్టం చేసింది. అక్కడి పెద్ద బ్యాంకుల అధిపతులలో ఒక్కరూ జైలుకు వెళ్లలేదు. ఐస్‌లాండ్ అనే చిన్న దేశం వేరే దారి పట్టింది. ఆ దేశ జనాభా అప్పటికి మూడు లక్షల చిల్లర. 2011 లెక్కల ప్రకారం మన సంగారెడ్డి జిల్లా జనాభా 15 లక్షలు పైమాటే. ఆ దేశంలోని మూడు పెద్ద బ్యాంకులు 2008 అక్టోబర్‌లో ఒకే వారంలో కూలాయి. దేశంలోని డిపాజిటర్లను కాపాడారు. బ్యాంకులు నడిపినవారిపై విచారణకు ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను నియమించారు. బ్యాంకుల అధిపతులతో సహా రెండు డజన్లకు పైగా మందికి శిక్షలు పడ్డాయి. మన జిల్లా జనాభాలో సుమారు ఐదోవంతు జనమే ఉన్న దేశం చేయగలిగిన పనిని ఇంత పెద్ద దేశం చేయలేదా?

అన్ని బాకీలూ మోసం కావు

అలాగని బాకీ పడిన ప్రతి ఖాతా వెనుకా దొంగ ఉన్నాడనడం అన్యాయం. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడల సంగతి తెలిసినవారెవరూ ఆ మాట అనరు. అక్కడ చిన్న యూనిట్లు ఖాయిలా పడడానికి కారణాలు అనేకం. కరెంటు కోతలు, సరుకు తీసుకున్న పెద్ద కంపెనీలు నెలల తరబడి బిల్లులు ఆపడం, ముడిసరుకు ధరలు పెరగడం వంటివి ఎన్నో ఉన్నాయి. అటువంటి యజమానికి నమ్మకంతో అప్పిచ్చిన మేనేజరును, వ్యాపారం దెబ్బతిన్నదని జైలుకు పంపితే రేపు ఏ మేనేజరూ చిన్న పరిశ్రమకు సంతకం పెట్టడు. కార్మికుడి కూలి పోతుంది. రైతుకూ అదే గతి పడుతుంది.

కనుక పొరపాటు వేరు, మోసం వేరు. వాన కురవక పంట పోవడం ఒకటి, కంచే చేను మేయడం మరొకటి. అయినవారికి హామీ లేకుండా అప్పులివ్వడం, పాత బాకీ కప్పిపుచ్చడానికి కొత్త అప్పు రాయడం, నష్టాన్ని లాభంగా చూపడం, కమీషన్ తీసుకుని సంతకం పెట్టడం, ఇవన్నీ రెండో కోవకు చెందినవి. శిక్ష పడవలసింది వీటికే.

చేయవలసినవి

మొదటిది, బ్యాంకుకు ప్రజాధనం ఇచ్చేనాడే, అది మునగడానికి కారకులెవరో తేల్చే విచారణకు కూడా గడువు పెట్టాలి. ప్రత్యేక కోర్టు లేకుండా ఈ కేసులు తెమలవు. రెండవది, జామీను పడ్డ రైతు ఆస్తి బాధ్యత వహించినట్టే, మోసపు అప్పులకు తెలిసి సంతకం చేసిన డైరెక్టర్ల ఆస్తి కూడా బాధ్యత వహించాలి. ఆ ఏళ్లలో తీసుకున్న బోనసులు తిరిగి కట్టించాలి. మూడవది, తప్పుడు లెక్కకు సరేనని ముద్ర వేసిన ఆడిటరును, తనిఖీలో చూసి ఊరుకున్న అధికారిని కూడా విడిచిపెట్టరాదు. నాలుగవది, బుద్ధిపూర్వక ఎగవేతదారుల పేర్లు, బాకీలు తెలుగులో శాఖల నోటీసు బోర్డు మీద పెట్టాలి.

ప్రజలు కూడా తమ జాగ్రత్తలో తాముండాలి. డిపాజిట్ బీమా 2020 ఫిబ్రవరి 4 నుంచి ఐదు లక్షల రూపాయలకు పెరిగింది. ఒకే బ్యాంకులో ఒక మనిషి పేరున ఎన్ని శాఖలలో ఎంత ఉన్నా, అసలు వడ్డీ కలిపి ఆ ఐదు లక్షలకే పూచీ. లావాదేవీలపై ఆంక్షలు పెట్టిన బ్యాంకు ఖాతాదారులకు ఆ సొమ్ము 90 రోజులలో అందాలని 2021లో చట్టం సవరించారు. వాణిజ్య బ్యాంకులకు, గ్రామీణ బ్యాంకులకు, జిల్లా కేంద్ర సహకార బ్యాంకులకు, సహకార పట్టణ బ్యాంకులకు ఈ బీమా వర్తిస్తుంది. గ్రామాల్లోని ప్రాథమిక సహకార సంఘాలకు వర్తించదు. చిట్టీలకు, ఫైనాన్స్ కంపెనీలకు అసలే లేదు. వడ్డీ ఎక్కువన్న ప్రతిచోటా అసలుకు పూచీ ఎవరని అడగడం ప్రతి ఒక్కరి హక్కు.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతం మెదక్ లోక్‌సభ స్థానంలో, జహీరాబాద్, నారాయణఖేడ్, అందోలు ప్రాంతం జహీరాబాద్ స్థానంలో ఉన్నాయి. బ్యాంకుల చట్టాలు చేసేది పార్లమెంటే. ఓట్ల కోసం ఊరికి వచ్చినప్పుడు రుణమాఫీ మాట ఎత్తని నాయకుడు లేడు. ఈసారి వచ్చినప్పుడు, బ్యాంకులను ముంచినవారి నుంచి వసూలైంది ఎంత, శిక్ష పడింది ఎందరికి అని కూడా గ్రామస్థులు అడగాలి. జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి.