"ఐ.పి. పెట్టాడు": ఈ మాట ఎక్కడిది?



తెనాలి బజారులోనైనా, బాపట్ల బస్టాండులోనైనా, రేపల్లె రైలులోనైనా "ఫలానా ఆయన ఐ.పి. పెట్టాడంట" అన్న మాట వినని వారుండరు. టోపీ పెట్టాడు, పంగనామాలు పెట్టాడు అన్నట్టే, నమ్మినవాళ్ల సొమ్ము ఎగ్గొట్టాడనే అర్థంలో దీన్ని వాడుతున్నాము.

ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా దరఖాస్తు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం చూపిన దారి ఇది. అప్పు తీర్చే శక్తి లేనివాడు తన అప్పులు, ఆస్తులు అన్నీ దాచకుండా రాసి కోర్టుకు ఇవ్వాలి. కోర్టు దివాలా ప్రకటిస్తే ఆ ఆస్తి అమ్మి అప్పిచ్చినవారందరికీ పంచుతారు. తర్వాత కోర్టు విడుదల ఇస్తే అతడు మళ్లీ బ్రతుకు మొదలుపెట్టుకోవచ్చు. అయితే మోసముతో చేసిన అప్పుకు ఆ విడుదల వర్తించదని అదే చట్టం చెప్పుచున్నది. దరఖాస్తుకు ముందు రెండేళ్లలోపు ఊరికే బంధువులకు రాసిచ్చిన ఆస్తిని కోర్టు రద్దు చేయవచ్చు కూడా.

మరి ఇంత మంచి దారికి చెడ్డపేరు ఎందుకొచ్చింది? పొలం భార్య పేర, ఇల్లు బావమరిది పేర పెట్టి, అప్పుడు కోర్టు మెట్లెక్కినవారి వలన. కూతురి పెళ్లికని దాచుకున్న సొమ్ము ప్రోనోటు మీద ఇచ్చిన విధవరాలికి, నోటీసు చేతికొచ్చిన రోజునే సంగతి తెలుస్తుంది.

రెండవ రాజులు 4వ అధ్యాయములో ఒక విధవరాలు అప్పులపాలై ఎలీషాను ఆశ్రయించింది. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను దాసులుగా తీసుకుపోవడానికి వచ్చాడు. ఎలీషా ఆమెను ఊరు దాటి పొమ్మనలేదు. ఇంట్లో ఏముందని అడిగాడు. ఉన్న కొంచెం నూనెను ఆమె దాచలేదు. దేవుడు దాన్ని విస్తరింపజేశాక, అమ్మి ముందు అప్పు తీర్చమని, మిగిలినదానితో బ్రతకమని చెప్పాడు.

మా అభిప్రాయం ఇది. ఆస్తి దాచి ఐ.పి. పెట్టినవాడు ఎంత కానుక వేసినా, సంఘములో పెద్దరికం ఇవ్వకూడదు. జక్కయ్యలాగా ముందు తిరిగి ఇవ్వాలి. కానీ కౌలుకు చేసి, తుఫానులో పైరు పోయి, ఉన్నదంతా అప్పులవాళ్ల ముందు పెట్టినవాడిని కూడా అదే మాటతో పొడుస్తున్నాము. అతని పిల్లలు సండేస్కూలుకు రావడానికి సిగ్గుపడుతున్నారు. ఇది అన్యాయము. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయములో ఏడేండ్లకొకసారి అప్పు విడిచిపెట్టమన్న దేవుడు ఇలాంటివారి పక్షమున ఉన్నాడు.

కాబట్టి ఈసారి ఎవరిమీదనైనా ఆ మాట వినబడితే ఒక్క ప్రశ్న అడుగుదాము: అతను దాచాడా, లేక నిజంగా లేదా? అప్పుల్లో ఉన్న బిడ్డలారా, ప్లీడరు దగ్గరకు వెళ్లేముందు మీకు అప్పిచ్చినవారి గడపకు వెళ్లండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.