నక్షత్రం మీద నెపం

వరదనైనా భూకంపాన్నైనా ఇంగ్లీషువారు 'డిజాస్టర్' అంటారు. ఆ మాటలో ఒక నక్షత్రం దాగి ఉందని మీకు తెలుసా? ఇటాలియన్ భాషలో 'ఆస్ట్రో' అంటే నక్షత్రం. ముందున్న 'డిస్' చెడును సూచిస్తుంది. చెడు నక్షత్రం వల్ల కలిగిన కీడు అన్నమాట! 16వ శతాబ్దంలో అది ఇంగ్లీషులో చేరింది. 'ఆస్ట్రానమీ'లో ఉన్నదీ ఆ నక్షత్రమే.

నవ్వకండి. కష్టం వస్తే మనమూ 'నా గ్రహచారం' అనుకోమా? గ్రహచారమంటే గ్రహాల నడక, అంతే.

2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి కర్నూలును, అలంపురం ప్రాంతాన్ని ముంచెత్తింది. నేడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్న రాజోలిలో నేతపనివారి మగ్గాలు నీట మునిగాయి. ఇది ఏ నక్షత్రం పని? ఎగువన కర్ణాటకలోనూ, రాయలసీమలోనూ కొద్దిరోజుల్లోనే కుండపోతగా వానలు కురిశాయి. శ్రీశైలం జలాశయానికి సెకనుకు దాదాపు 25 లక్షల ఘనపుటడుగుల నీరు వచ్చిపడింది.

వానను కొలవవచ్చు. ఎగువ నీరు ఎన్ని గంటల్లో మన ఊరు చేరుతుందో లెక్కకట్టవచ్చు. నెపం నక్షత్రం మీదికి నెడితే ఆ లెక్క అడిగేవారెవరు? ముందుగా కబురందితే మగ్గం కాకపోయినా నూలైనా మిద్దె ఎక్కించవచ్చు. కొన్ని వంతెనల స్తంభాలపై నీటిమట్టం అంకెలు రాసి ఉంటాయి. ఈసారి నది దాటేటప్పుడు చూడండి.